తాటిమొవ్వుకు వైద్యుడు: సర్ ఎడ్విన్ జాన్ బట్లరు

తాటిచెట్టునకు ప్రాణము ఒక్కచోటనే యున్నది. మర్రికి కొమ్మ విరిగిన మరియొక కొమ్మ వచ్చును. వేపను మొదటికి నరికినను ప్రక్కనుండి చిగురించును. తాటికి అట్టి వసతి లేదు. ఏబది అరువది అడుగుల మ్రాను నంతటిని బ్రదికించుచున్నది తలలో దాగియున్న పిడికెడు మెత్తని మొవ్వు మాత్రమే. అది చెడిన నాడు వేరు ఎంత గట్టిదైనను, మ్రాను ఎంత చేవదేరినదైనను చెట్టు మోడుగా నిలిచిపోవును.

గోదావరి డెల్టాలో తాటి కేవలము చెట్టు కాదు. ఇంటికి దూలము అది, కప్పునకు ఆకు అది. వేసవిలో ముంజెలు, శీతకాలమున తేగలు, గీతవారి కుటుంబములకు ఏడాది పొడుగున గ్రాసము. కాగితము రాకపూర్వము తెలుగువారి చదువు సైతము తాటాకులమీదనే నిలిచినది. నేడు గ్రంథాలయములలో భద్రపరచుకొను తాళపత్ర ప్రతులన్నియు ఆ జాతి చెట్ల దానమే. అట్టి తాటితోపులకు 19వ శతాబ్దము చివర గోదావరి ప్రాంతమున ఒక తెగులు సోకెను. నడిమి ఆకు వెలవెలబోయి వాడును. కొన్నాళ్ళకు అది ఎండి వ్రేలాడును. పట్టి లాగిన మొవ్వుతో సహా ఊడి చేతికి వచ్చును. దాని మొదట కుళ్ళు, దుర్గంధము. చెట్టు మరల ఆకు వేయదు. ఒక చెట్టుతో ఆగదు, ప్రక్క చెట్టునకు, ప్రక్క తోపునకు, ప్రక్క ఊరికి ప్రాకును. ఏ పురుగు తొలచినట్లును కనబడదు, నీటికొరత యనుటకు డెల్టాలో నీటికి కొరతలేదు. ఈ చావునకు కారణమేమో కనుగొన్న మనుష్యుడు తాటిచెట్టు పెరుగని దేశమున పుట్టినవాడు. ఆయనయే ఎడ్విన్ జాన్ బట్లరు. మన దేశమున వృక్షరోగ శాస్త్రమునకు పునాది వేసినవాడని పండితులు ఆయనను పేర్కొందురు.

బట్లరు 1874 ఆగస్టు 13వ తేదీన ఐర్లండు దేశపు పడమటి తీరమున, క్లేర్ మండలములోని కిల్కీ అను సముద్రతీర గ్రామమున జన్మించెను. ఆ మండలము పేరు చెప్పినపుడు ఆనాటి పెద్దలకు మొదట జ్ఞప్తికి వచ్చునది కరవు. ఆయన పుట్టుటకు సుమారు ముప్పది ఏండ్ల ముందు, 1845లో, ఐర్లండులో బంగాళాదుంప పైరునకు ఒక తెగులు తగిలెను. ఆకులు నల్లబడి కొలది దినములలో చేనంతయు కుళ్ళిపోయెను. భూమిలోని దుంపయు కుళ్ళెను. అచటి పేదవానికి దుంపయే అన్నము. కొన్ని సంవత్సరములలో సుమారు పది లక్షల జనము ఆకలికిని, ఆకలి వెంట వచ్చిన జ్వరములకును బలియైరి. దాదాపు అంతమంది ఓడలెక్కి అమెరికా మొదలగు దేశములకు తరలిపోయిరి. క్లేర్ మండలము ఆ విపత్తులో మిక్కిలి దెబ్బతిన్న ప్రాంతములలో నొకటి. పాలకుల నిర్లక్ష్యమును, భూస్వాముల కాఠిన్యమును ఆ చావులకు తోడైనవన్నమాట మరువరానిది. పైరు చచ్చుట ప్రకృతి పని, ఆ పైరుతోపాటు మనుష్యులు చచ్చుటలో మనుష్యుల చేయియు కలదు.

ఆ తెగులునకు మంచుగాలి కారణమనియు, దైవశిక్ష యనియు జనులు తలంచిరి. ఆకుమీద కనబడు తెల్లని బూజు కుళ్ళు వలన పుట్టినదని చాలమంది పండితులును నమ్మిరి. కుళ్ళు వలన బూజు కాదు, బూజు వలననే కుళ్ళు అని 1846లో బెర్క్‌లీ అను ఆంగ్ల మతాచార్యుడు వాదించెను. జర్మనీలో డిబారీ అను శాస్త్రజ్ఞుడు 1861లో దానిని ప్రయోగములచే నిరూపించి, 1876లో ఆ బూజుజాతికి ఫైటోఫ్తొరా అని పేరిడెను. వృక్షనాశిని యని దాని యర్థము. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. గోదావరి తీరమున ఇది మరల ఎదురగును.

బట్లరు మొదట చదివినది మనుష్యులకు చేయు వైద్యము. కార్క్ నగరములోని క్వీన్స్ కళాశాలలో చదివి 1898లో వైద్యపట్టము నొందెను. కాని అచట ప్రకృతిశాస్త్రము బోధించుచుండిన హార్టోగ్ అను ఆచార్యుని సాహచర్యమున ఆయన మనస్సు వేరొక త్రోవను పట్టెను. హార్టోగ్ నీటిలో పెరుగు బూజులను పరిశీలించువాడు. సూక్ష్మదర్శినిలో ఆ బూజుల బీజములు చిన్న చేపలవలె ఈదుచు పోవుటను చూచిన శిష్యుడు నాడిపట్టు పనిని విడిచి వాటి వెంటబడెను. ప్యారిసులో వాన్ టీగెం అను ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞునియొద్దను, జర్మనీలోని ఫ్రైబుర్గులోను, లండను సమీపమున గల క్యూ ఉద్యానవనమునందును శిక్షణ పొందెను. వైద్యవిద్య ఆయనకు వ్యర్థము కాలేదు. లక్షణము వేరు, కారణము వేరు అన్న వివేకము వైద్యునికి మొదటి పాఠము. ఆ పాఠమును ఆయన చెట్లకు అన్వయించెను.

1901లో భారత ప్రభుత్వము ఆయనను తన మొదటి శిలీంధ్ర శాస్త్రజ్ఞునిగా నియమించి కలకత్తాకు రప్పించెను. అప్పటికి ఇరువదియేడేండ్లవాడు. ఇంత పెద్ద దేశమునకు పైర్ల తెగుళ్ళు చూచుట కొరకు నియమింపబడినవాడు ఆయన యొక్కడే. మరుసటి ఏడు ఆయన కార్యస్థానము డెహ్రాడూనునకు మారెను. 1905లో బిహారులోని పూసా గ్రామమున వ్యవసాయ పరిశోధనాలయము వెలసెను. దానికి కర్జను ప్రభువు పూనికయు, హెన్రీ ఫిప్స్ అను అమెరికా ధనికుడు ఇచ్చిన ముప్పదివేల పౌనుల విరాళమును ఆధారములు. బట్లరు అచటికి చేరి, తరువాతి పదునైదేండ్లు ఆ పరిశోధనాలయమునే తన గృహముగా చేసికొనెను.

పూసాలో ఆయన మొదట చేసిన పని కూడబెట్టుట. ఏ జిల్లాలో ఏ పైరుమీద ఏ మచ్చ కనబడినను ఆ ఆకును తెప్పించి, ఆరబెట్టి, కాగితముల నడుమ నుంచి, దొరకిన చోటును తేదీని వ్రాసి దాచెను. తనకు అంతుపట్టని వానిని బెర్లినులోని సిడో అను నిపుణులకు పంపి, వారితో కలిసి భారతదేశపు శిలీంధ్రములనుగూర్చి వరుసగా వ్యాసములు ప్రకటించెను. చూచువారికి ఇది ఎండుటాకుల మూటవలె తోచును. కాని ఒక తెగులు కొత్తగా వచ్చినదా, పాతదే పెచ్చు పెరిగినదా అని తెలియవలెనన్న ఆ మూట తప్ప వేరొక సాక్షి లేదు.

తెలుగుదేశమున ఆయన పనికి రంగము సిద్ధముగనే యుండెను. గోదావరి, గంజాము జిల్లాలలో చెరకు తోటలు అప్పటికే ఒక తెగులుచే నాశనమగుచుండెను. మద్రాసు ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞుడు బార్బరు 1901లో దానిని విచారించి నివేదిక సమర్పించెను. ఆ తెగులును ఎదుర్కొనుటకే 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధనా క్షేత్రము నెలకొల్పబడెను. తెగులు తగిలిన చెరకును నిలువున చీల్చినచో లోన ఎర్రగనుండి, ఆ ఎరుపు నడుమ అడ్డముగా తెల్లని మచ్చలు కనబడును. పులిసిన కల్లువంటి వాసన వచ్చును. రసము బెల్లమునకు పనికిరాదు. ఇదే తెగులును బంగాళ ప్రాంతములో పరిశీలించిన బట్లరు 1906లో దానికి ఎర్రకుళ్ళు అన్న పేరును స్థిరపరచెను. ఆయన తేల్చిన ముఖ్యాంశము రైతునకు నేరుగా ఉపయోగించునది. ఈ తెగులు ఎక్కువగా ప్రాకునది రైతు స్వయముగా పాతు ముచ్చెల ద్వారమున. కోసిన ముక్క చివర ఎరుపు కనబడినచో దానిని పాతరాదు, పారవేయవలెను. ఖర్చు లేని వైద్యము. అయినను ముచ్చెలు తక్కువపడిన ఏట, అప్పు తెచ్చి దుక్కి చేసిన రైతునకు ఎర్రబడిన ముక్కను పారవేయుట అంత సులభము కాదు. ఇటు సామర్లకోటలో మారిషసు దీవినుండి తెచ్చిన చెరకు తెగులును కొంత తట్టుకొని నిలిచి, ఆ ప్రాంతపు చెరకు సాగును నిలబెట్టెను.

ఇక తాటితెగులు. బట్లరు దీనిని పరిశీలించి 1906లో తాటిజాతి చెట్ల తెగుళ్ళనుగూర్చి తన మొదటి వ్యాసమును ప్రకటించెను. తెగులు తగిలిన చెట్టు తలను విప్పి చూచిన గాని దాని నడక తెలియదు. తాటిమొవ్వు చుట్టును ఆకుల మట్టలు పొరమీద పొరగా, సంచిలో సంచివలె చుట్టుకొనియుండును. వెలుపలి పొరమీద మొదట చిన్న మచ్చ పడును. గోధుమరంగు తిరిగి కొంచెము లోనికి క్రుంగును. ఆ మచ్చ క్రింది పొరను తాకును, అచటినుండి దాని క్రింది పొరను. ఇట్లు ఒక్కొక్క గోడను త్రవ్వుకొనుచు పోవు దొంగవలె అది మొవ్వును చేరుటకు నెలలు పట్టును. అంతవరకు క్రిందనుండి చూచువానికి చెట్టు ఆరోగ్యముగనే యుండును. నడిమి ఆకు వాడిన తరువాత గాని ఇంటివారికి తెలియదు, అప్పటికి చేయదగినది లేదు. చివర కనబడు దుర్గంధమంతయు తరువాత చేరిన సూక్ష్మజీవుల పని. అసలు హంతకుడు మొదటి మచ్చలోని తెల్లని బూజు.

ఆ బూజును సూక్ష్మదర్శిని క్రింద నుంచి నీటిచుక్కలో పరిశీలించినపుడు, దాని తిత్తులు పగిలి సన్నని తోకలు గల బీజములు వెలువడి ఈదసాగెను. కార్క్ నగరములో గురువుగారి బల్లమీద చూచిన వంశమే ఇది. 1907లో బట్లరు దానిని పిథియం అను జాతిలో చేర్చి, తాటిజాతిని తినునది అను అర్థము వచ్చునట్లు పామివోరం అని పేరుపెట్టెను. మూడేండ్ల తరువాత, 1910లో, భారతదేశపు తాటిజాతుల మొవ్వుకుళ్ళునుగూర్చి విపులమైన గ్రంథము వెలువరించెను. కాని ఆ బూజు కులగోత్రముల విషయమై ఆయన మనస్సు అంతటితో తృప్తి చెందలేదు. 1919లో తాను పెట్టిన పేరును తానే సరిదిద్ది, అది పిథియం కాదు, ఫైటోఫ్తొరా అని ప్రకటించెను. అనగా ఐర్లండులో దుంపచేలను మాడ్చి ఆయన పితామహుల తరమును ఆకలికి గురిచేసిన వృక్షనాశినియు, గోదావరిలో తాటితోపులను కూల్చినదియు ఒకే జాతివి, అక్కచెల్లెండ్రవంటివి. శాస్త్రజ్ఞులు ఈ బూజు పేరు వ్రాయునపుడు దాని ప్రక్కన బట్లరు పేరును రెండుమార్లు వ్రాయుట నియమము. మొదట పేరు పెట్టినవాడును ఆయనయే, తరువాత దిద్దినవాడును ఆయనయే కదా. ఇదే బూజు ప్రపంచమునందు కోకో కాయలను నల్లబరచి కుళ్ళించునదిగా నేడు ప్రసిద్ధికెక్కినది.

కారణము తెలిసినది. వైద్యమేమి? మైలుతుత్తము, సున్నము నీటిలో కలిపిన ద్రావకము అప్పటికే వాడుకలో నుండెను. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలలో మిల్లార్డే అను ఆచార్యుడు 1885లో దీనిని లోకమునకు తెలిపెను. మచ్చ పడకముందు చల్లినచో అది బూజును అడ్డగించును. కాని లోనికి దిగిన బూజును అది చంపలేదు. పైగా ఎత్తైన చెట్టు తలకు, అది కూడ వేలకొలది చెట్లకు, మందు చేర్చుట ఆ కాలమున అసాధ్యము. కనుక మిగిలినది ఒక్కటే దారి: తెగులు తగిలిన చెట్టును త్వరగా గుర్తించి, దాని తల నరికి, ఆ తలను అచటనే కాల్చివేయుట. బూజు బీజములు వానకాలమున తడిలో బలిసి ప్రాకును గనుక వానలకు ముందుగనే ఈ పని జరుగవలెను. గాలివానలు, పురుగులు, చెట్టెక్కి దిగువారి చేతులు, కత్తులు కూడ ఈ బీజములను మోయవచ్చునని భావింపబడెను.

చెప్పుటకు ఇది ఒక్క వాక్యము. చేయుటకు వచ్చినప్పుడు ఇది చెట్టు యజమానికిని గీతవానికిని గుండె మీద దెబ్బ. పదునైదు ఇరువది ఏండ్లు పెరిగి అప్పుడప్పుడే గీతకు వచ్చిన చెట్టు అది. చెట్టునకు ఇంతయని సర్కారునకు పన్ను కట్టి, మోకు భుజాన వేసికొని, తెల్లవారుజామున ఎక్కువానికి ఆ సంవత్సరపు జీవనమందే యున్నది. తలలో ఒక మచ్చ తప్ప పచ్చగా నిలిచిన చెట్టును నరుకుమనిన ఎవరికి చేతులాడును? ఈ ఏడు గడిచిన పిమ్మట చూతమను ఆశ సహజము. కాని ఆ ఒక్క ఏడు లోపల ఆ తలనుండి ఊరంతటికి బీజములు పోవును. తన చెట్టును కాపాడుకొనుట యందు ఎంత న్యాయమున్నను, ఆ న్యాయము ప్రక్కవాని తోపునకు అన్యాయమగుచున్నది. అంటురోగమందు ఈ చిక్కు ఎల్లప్పుడును ఉన్నదే. మనుష్యులకైన వేరుగా నుంచి చూడవచ్చును, చెట్టు నిలిచిన చోటునుండి కదలదు గనుక ఆ అవకాశమును లేదు.

మద్రాసు ప్రభుత్వము ఈ పనికి పూనుకొని, చెట్లెక్కు నేర్పుగలవారిచే తోపులను శోధింపించి, తెగులు తగిలిన తలలను నరికించి కాల్పించెను. ఈ కార్యము సంవత్సరముల తరబడి సాగెను. అనంతర కాలమున మద్రాసు ప్రభుత్వ శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా వచ్చిన మెక్‌రే ఆ యుద్ధమంతటి చరిత్రను 1923లో గ్రంథస్థము చేసెను. తెగులు సమూలముగ నశింపలేదు. నేటికిని వానకాలమున కొబ్బరితోటలలో మొవ్వుకుళ్ళు కనబడుచునే యున్నది. కాని డెల్టాలోని తాటితోపులు నిలిచినవి. నేడు ఆ చెట్ల క్రింద నడచువారిలో బట్లరు పేరెరిగినవారు అరుదు. తమ చెట్లను తామే నరికి ఇచ్చిన నాటి గీతకుటుంబముల పేర్లు బట్లరు పేరుకన్న అరుదుగా మిగిలినవి.

పూసాలో నున్న కాలమున ఆయన చేయి పెట్టని పైరు లేదనవచ్చును. గోధుమ కుంకుమ తెగులునుగూర్చి హేమన్ అను సహచరునితో కలిసి 1906లో ప్రకటించిన గ్రంథమున ఒక చిక్కుప్రశ్నను ముందుంచెను. ఐరోపాలో ఈ తెగులునకు బార్బెర్రీ అను ముండ్లపొద ఆశ్రయమిచ్చును. మన దేశమున ఆ పొద హిమాలయములలో గాని మైదానములలో లేదు. మరి ఏటేట మైదానపు గోధుమకు తెగులెచటినుండి వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు తరువాత ఆగ్రాకు చెందిన కె. సి. మెహతా సుదీర్ఘ పరిశోధన చేసి, వేసవిలో కొండలమీది పైర్లలో బ్రదికియున్న తెగులు అచటినుండి మైదానములకు దిగుచున్నదని చూపెను. కందికి వచ్చు ఎండు తెగులు నేలలో నిలిచియుండి వేరుగుండా ఎక్కు బూజు వలన కలుగునని బట్లరు 1910లో నిరూపించెను. ఈ తెగులునకు మందు చల్లి ప్రయోజనము లేదు. తెగులుపడిన చేలో బ్రదికి నిలిచిన మొక్కల గింజలను ఎన్నుకొని తట్టుకొను రకములను సాధించుట మేలని అంతకుముందే ఆయన వ్రాసియుండెను. నేటికిని కందిపై జరుగు కృషి ముఖ్యముగా ఆ మార్గముననే నడుచుచున్నది.

తూర్పు బంగాళములో లోతునీటి వరికి ఉఫ్రా అను తెగులు వచ్చి వెన్నులు పొట్టలోనే చిక్కి వాడిపోవుచుండెను. బూజుల పండితుడగు బట్లరు అచట బూజునే వెదకవలసిన మాట. కాని 1913లో ఆయన ప్రకటించినది వేరు. కంటికానని సన్నని నులిపురుగు వరిమొక్క మీద తేమలో ప్రాకుచు లేత భాగములను పీల్చుచున్నదని తెలిపెను. కోత తరువాత మోళ్ళను కాల్చుట దానికి ఆయన చూపిన ఉపాయము. తన శాస్త్రమునకు లోబడని కారణమును కూడ కన్నులారా చూచి ఒప్పుకొనుట శాస్త్రజ్ఞులందరికిని అలవడునది కాదు.

ఆయన శిక్షణలో భారతీయులును తయారైరి. వారిలో జహంగీరు దస్తూరు 1913లో ఆముదపు మొక్కలను చంపు ఇంకొక ఫైటోఫ్తొరాను కనుగొని వర్ణించెను. 1918లో బట్లరు రచించిన శిలీంధ్రములు – వృక్షరోగములు అను గ్రంథము కలకత్తాలో ప్రచురింపబడెను. అంతకుముందు మన విద్యార్థులు చదివిన పుస్తకములలో ఐరోపా ద్రాక్షకును ఆపిలుకును వచ్చు తెగుళ్ళే యుండెడివి. తమ ఊరి వరి, జొన్న, చెరకు, కందులకు వచ్చు తెగుళ్ళను బొమ్మలతో వర్ణించిన పెద్ద గ్రంథము వారి చేతికి వచ్చుట అదియే ప్రథమము. కొన్ని తరములవారు దానినే పాఠ్యముగా చదివిరి.

అయితే గోదావరి అనుభవము ఆయన మనస్సులో వేరొక ప్రశ్నను నాటినట్లు తోచును. తెగులు వచ్చిన తరువాత చెట్లు నరుకుటకన్న, రాకముందు ద్వారము మూయుట మేలు కదా? 1917లో ఆయన వృక్షశిలీంధ్రముల వ్యాప్తినిగూర్చియు, దానిని అరికట్టు అంతర్జాతీయ శాసనములనుగూర్చియు ఒక దీర్ఘవ్యాసము ప్రకటించెను. దానికి మూడేండ్ల ముందే, 1914లో, భారత ప్రభుత్వము విదేశములనుండి వచ్చు మొక్కలతోపాటు పురుగులును తెగుళ్ళును రాకుండ ఆపుటకు చట్టము చేసియుండెను. సింహళద్వీపమున 1869లో కనబడిన కాఫీ కుంకుమ తెగులు ఆ దీవి కాఫీతోటలను నాశనము చేసి వారిని తేయాకు వైపు త్రిప్పిన సంగతి అప్పటికి అందరెరిగినదే. గాలి తెచ్చు తెగులును ఏ చట్టమును ఆపలేదు. కాని ఎక్కువ తెగుళ్ళు సముద్రములు దాటునది గాలిలో కాదు, మొక్కలతోను, దుంపలతోను, గింజలతోను, వేళ్ళకంటిన మట్టితోను, మనుష్యుడు తన చేతులతో తెచ్చుకొనునవే. పువ్వు అందమునకు దక్షిణ అమెరికానుండి తెచ్చుకొనిన గుర్రపుడెక్క నేడు మన చెరువులను కాలువలను ఎట్లు కప్పివేసినదో చూచుచునే యున్నాము. మధ్య అమెరికాకు చెందిన సర్పిలాకారపు తెల్లదోమ 2016లో మన దేశమున మొదట పొల్లాచ్చి కొబ్బరితోటలలో కనబడి, అనతికాలముననే గోదావరి కొబ్బరి తోటలకు చేరినది.

ఒక దేశమున తెగులు పుట్టిన వార్త మరియొక దేశమునకు తెలియనిదే ద్వారము మూయుట ఎట్లు? ఈ అవసరమునకే 1920లో క్యూలో ఒక శిలీంధ్రశాస్త్ర కేంద్రము నెలకొల్పబడెను. బట్లరు భారతదేశమును విడిచి దానికి మొదటి అధ్యక్షుడుగా వెళ్ళెను. ఆఫ్రికాలో అరటికి, పడమటి దీవులలో చెరకునకు, మలయాలో రబ్బరునకు వచ్చు తెగుళ్ళ నమూనాలు అచటికి వచ్చెడివి. అవి ఏ జాతివో తేల్చి పంపినవారికి ఉత్తరము వ్రాయుదురు. ప్రపంచమునందు ఏ భాషలో వెలువడిన పరిశోధన వ్యాసమునైనను చదివి, దాని సారమును సంగ్రహించి, 1922నుండి మాసపత్రికగా ప్రకటింపసాగిరి. ఒక విధముగా అదియు గ్రంథాలయపు పనియే. ఎచటనో మారుమూల ఒంటరిగా పనిచేయు వ్యవసాయోద్యోగికి లోకమంతటి విజ్ఞానమును ఇంటికి చేర్చుట అది. పదునైదేండ్లు ఆయన దానిని నడిపెను. 1926లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1931లో బిస్బీ అను సహచరునితో కలిసి భారతదేశపు శిలీంధ్రముల పట్టికను ప్రకటించెను. దూరదేశమున కూర్చుండియు ఆయన ధ్యాస పూసాలో తాను దాచిన ఎండుటాకుల మీదనే యుండెననుటకు ఆ గ్రంథమే సాక్ష్యము.

ఆ ఆకులకు తరువాత స్థానచలనము కలిగెను. 1934 జనవరిలో బిహారు భూకంపము పూసా భవనములను నేలమట్టము చేసెను. 1936లో పరిశోధనాలయము ఢిల్లీకి తరలింపబడెను. దానితోపాటు శిలీంధ్ర నమూనాల భాండారమును ఢిల్లీకి చేరెను. ఇప్పటికిని ఆ సంస్థ ఉన్న ప్రదేశమును పూసా అనియే పిలుచుట పరిపాటి.

1935లో బట్లరు బ్రిటిషు వ్యవసాయ పరిశోధన సమితికి కార్యదర్శియై 1941 వరకు ఆ పదవి నిర్వహించెను. 1939లో సర్ బిరుదము లభించెను. 1943 ఏప్రిలు 4వ తేదీన పరమపదించెను. ఆ సంవత్సరముననే బంగాళములో మహాకరవు విజృంభించి లక్షలాది జనమును కబళించెను. దానికి యుద్ధము, ధరలు, పాలకుల వైఫల్యము ముఖ్య కారణములని చెప్పువారు అనేకులు. 1942లో అచటి వరిపైరును గోధుమమచ్చ తెగులు విపరీతముగా దెబ్బతీయుటయు వానికి తోడైనదని 1973లో పద్మనాభన్ అను వరిశాస్త్రజ్ఞుడు చూపెను. అదే తెగులు 1918–19లో కృష్ణా గోదావరి డెల్టాలను కూడ బాధించియుండెను. కరవు నాటి జ్ఞాపకములింకను మాయని క్లేర్ తీరమున పుట్టినవాడు, తాను రెండు దశాబ్దములు సేవించిన దేశమున మరియొక కరవు చెలరేగుచున్న ఏట కన్నుమూసెను.

ఆయన చివరి సంవత్సరములలో వ్రాయుచుండిన వృక్షరోగశాస్త్ర గ్రంథము అసంపూర్ణముగా మిగిలెను. దానిని జోన్స్ అను ఆచార్యుడు పూర్తిచేయగా, ఇద్దరి పేరుమీద 1949లో ప్రచురింపబడెను.